పిల్లల్ని చూసుకునే పూట 'అమృతం'
పిల్లల్ని మన దగ్గర వదిలి పెళ్లికి వెళ్లిన అక్కాబావా హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఎప్పటికి తిరిగొస్తారో చెప్పలేం. అంతసేపూ ఫోన్ ఇచ్చే బదులు టీవీలో 'అమృతం' పెట్టండి. 2001లో జెమినీ టీవీలో మొదలైన కామెడీ సీరియల్, ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి మాటల పంచ్‌లు వెంటనే ఎక్కవు. అందుకే హోటల్ నడిపే అమృతం, ఆంజనేయులు, ఇంటి ఓనర్ అప్పాజీ, హోటల్లో సర్వర్‌గా ఉండే అయోమయం మనిషి సర్వం... ఎవరెవరో ముందే చెప్పేయండి. అప్పాజీ కనిపించగానే పాజ్ కొట్టి, "ఇప్పుడు అమృతం ఏం సాకు చెప్తాడో చెప్పు" అనండి. మా మేనల్లుడైతే సోఫా ఎక్కి నటించి మరీ చెప్తాడు. నన్నడిగితే అసలు సీను కంటే అదే బాగుంటుంది! ఆటోప్లే మాత్రం ముందే ఆపేయండి, లేకపోతే అన్నం కంచం పట్టుకుని "ఇంకొక్కటి" అంటూనే ఉంటారు. వేరే కామెడీ షోల డబుల్ మీనింగ్ స్కిట్ల జోలికి పోవద్దు. అర్థం అడిగితే నీళ్లు నమలాల్సింది మనమే.