పాత వంతెనకు పలకల స్లాబు: పలకల కన్నా సందులే ముఖ్యం

శ్రీకాకుళం జిల్లాలో పదహారో నంబరు జాతీయ రహదారి సముద్రానికి మరీ దూరంగా పోదు. ఉప్పుగాలి దాని వంతెనల కాంక్రీటులోకి దిగి చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. వాహనాలు నడిచే అలాంటి స్లాబు మీద మళ్లీ తారు పరిచి చేతులు దులుపుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సుత్తితో కొట్టి చూడండి. చాలాచోట్ల డొల్ల శబ్దం వస్తోందంటే స్లాబు మార్చే ఆలోచన చేయాల్సిందే. యార్డులో ముందే పోసి ఉంచిన పలకలు వాడితే దారి మూసే రోజులు బాగా తగ్గుతాయి.

మొదట వంతెన రకం తేల్చుకోండి. స్లాబును మోసే దూలాలు, అంటే గర్డర్లు, ఇనుపవైతే పని కొంత సులువు. కాంక్రీటు టీ-బీములైతే స్లాబు, గర్డరు ఒకే పోత. బరువు మోయడంలో స్లాబుకూ వాటా ఉంది. అది తీస్తే గర్డరు బలం తగ్గుతుంది. డిజైనరు లెక్క చేతికి రానిదే రంపం పెట్టవద్దు. గర్డర్ల కింద ఏటిలో ఆసరాలు నిలపాల్సి వస్తే జనవరి నుంచి మే లోపు ముగించండి. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టినవి; ఇక్కడ చినుకు పడకపోయినా వరద వస్తుంది. గర్డర్లే లేని స్లాబు వంతెనకు ఈ పద్ధతి కుదరదు.

పలకకు ఎం40 (40 మెగాపాస్కల్ బలం) కాంక్రీటు, చువ్వ మీద 50 మి.మీ. కవరింగు ఉండేలా చూడండి. 8.5 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు, 220 మి.మీ. మందం ఉన్న పలక పదకొండు టన్నులు తూగుతుంది. క్రేను ఎక్కడ నిలబడాలో ముందే తేలాలి. సగం స్లాబు తీసిన గర్డర్ల మీదికి క్రేనును ఎక్కించే ధైర్యం చేయకండి. పోసిన పలకల్ని నెల, రెండు నెలలు యార్డులోనే ఉంచితే కుంచించుకోవడం చాలావరకు అక్కడే జరిగిపోతుంది.

గర్డరు పైభాగం ఎక్కడా సమంగా ఉండదు. లెవెల్ తీసుకుని, పలకను దానికి బిగించిన ఎత్తు సర్దే బోల్టుల మీద దించి ఎత్తు సరిచేయాలి. తరువాతి వరుస తప్పకూడదు: ముందు పలకల మధ్య అడ్డ సందులు గ్రౌటుతో (పల్చటి సిమెంటు మిశ్రమంతో) నింపండి. అది గట్టిపడ్డాక పలకల్లోంచి వంతెన పొడవునా పోయే ఉక్కు తీగలు లాగి బిగించండి. ఆ పైనే గర్డరుతో కలపడానికి పలకల్లో వదిలిన గుంతలు నింపండి. గుంతలు ముందే నింపితే బిగింపులో కొంత గర్డరులోకి పోతుంది, సందులకు అందాల్సిన ఒత్తిడి అందదు. గ్రౌటు కుంచించుకోని రకం కావాలి. మన ఎండల్లో సాయంత్రం పోయడమే మేలు. సందు గోడల్ని ముందే బాగా తడపండి, కానీ నీరు నిలవనీయకండి.

తారుకు ముందు నీరు దిగని పొర తప్పనిసరి. అయితే ఆ పొర వేయకముందే ప్రతి సందు మీదా నీళ్లు కట్టి, ఒక మనిషిని కిందికి పంపండి. చెమ్మ కనిపిస్తే కాంట్రాక్టరు ఎంత తొందరపెట్టినా ఆ సందు తవ్వించి మళ్లీ నింపించండి. నీరు పోయే గొట్టాలు గర్డరు అడుగు కన్నా కిందికి దిగేలా పెట్టించండి.