కొత్త ఫ్రంట్ సైట్ పెట్టినా గురి కుదరట్లేదా? సమస్యలు, పరిష్కారాలు

ఫ్రంట్ సైట్ అంటే తుపాకీ గొట్టం (బ్యారెల్) మూతి దగ్గర గురి చూసుకోవడానికి ఉండే చిన్న బ్లేడు. దాన్ని సరిచేసే పనిలో దిగే ముందు ఒకటి చూసుకోండి. ముందు నుంచి మందు కూరే తుపాకీలో పాత మందూ గుండూ ఎన్నాళ్లయినా అలాగే ఉండిపోతాయి. కూరే కడ్డీని లోపలికి దింపి, బ్యారెల్ మూతి దగ్గర గీత పెట్టి, అదే కడ్డీని బయట బ్యారెల్ పక్కన పెట్టి చూడండి. అడుగుదాకా వెళ్లలేదంటే లోపల ఏదో ఉంది, టంకం వేడి దాని దగ్గరికి కూడా తేవద్దు.

సమస్య: గుళ్లన్నీ పైకి తగులుతున్నాయి

1853 నమూనా ఎన్‌ఫీల్డ్ నకళ్లలో (1857లో తూటాల కొవ్వు గొడవ రేగింది ఈ తుపాకీ మీదే) తరచూ వినే ఫిర్యాదు ఇది. వెనక సైట్‌లో అన్నిటికంటే తక్కువ గుర్తే 100 గజాలది కాబట్టి 50 గజాల్లో పైకి తగలడం వింతేం కాదు. ముందు బ్లేడు పొట్టిగా ఉందన్నమాట, ఎత్తు పెంచితే గుండు కిందికి దిగుతుంది.

ఎంత పెంచాలో లెక్క తేలికే: గుండు తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి, అన్నీ మిల్లీమీటర్లలోనే. సైట్ల మధ్య 750, టార్గెట్ 50 మీటర్లు, గుండు 100 మి.మీ. పైకి వెళ్తోందనుకోండి, 1.5 మి.మీ. పెంచాలి. కానీ ఆ కొలతకే కచ్చితంగా చేసి అతికించకండి, ఇంకో రెండు మి.మీ. ఎక్కువే ఉంచండి. అప్పుడు గుళ్లు కిందికి పడతాయి, కాల్చుకుంటూ ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తూ పైకి తెచ్చుకోవచ్చు. పొట్టిదైతే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

పాత బ్లేడు అరగదీసేసి, అది నిలబడే దిమ్మలో హ్యాక్సాతో బ్యారెల్ వెంబడి సన్నగా గాడి కోసి, ఇత్తడి లేదా స్టీలు ముక్క కూర్చోబెట్టి టంకంతో అతికించండి. రంపం బ్యారెల్‌ని తాకకూడదు, దిమ్మ మందం చూసుకుని ముందే ఆపేయండి.

సమస్య: పక్కకి పోతోంది

గుండు ఎడమకి పోతే ఫ్రంట్ సైట్ కూడా ఎడమకే జరగాలి. చాలామంది ఇక్కడే తికమక పడి వెనక సైట్ లెక్కన ఉల్టా కొడతారు. డవ్‌టెయిల్ గాడిలో (నోరు సన్నగా, అడుగు వెడల్పుగా ఉండే అడ్డగాడి) ఉండే సైటైతే ఇత్తడి పంచ్‌తో మెల్లగా తట్టి జరపొచ్చు. ఎన్‌ఫీల్డ్‌లో దిమ్మ కదలదు, అందుకే బ్లేడు మొదట్లోనే కాస్త మందంగా పెట్టుకుంటే, కుడి చెంప అరగదీసినప్పుడు కొన మధ్యభాగం ఎడమకి జరుగుతుంది. అంతకు ముందు బ్లేడు ఒక పక్కకి వాలి ఉందేమో చూడండి, ఒక్కోసారి తప్పంతా అక్కడే ఉంటుంది.

సమస్య: డవ్‌టెయిల్‌లో సైట్ వదులుగా ఉంది, లేదా ఎక్కట్లేదు

ఎక్కకపోతే సైట్ అడుగునే అరగదీయండి, బ్యారెల్ గాడిని ముట్టుకోవద్దు. సైట్ పాడైతే ఇంకోటి చేసుకుంటాం, బ్యారెల్ అలా కాదు కదా. వదులైతే సైట్ అడుగున సెంటర్ పంచ్‌తో నాలుగు గుంటలు పొడిచినా, పలుచటి ఇత్తడి రేకు పెట్టినా బిగుస్తుంది. చాలా తుపాకుల్లో ఎక్కించేది కుడి నుంచి ఎడమకి, తీసేది ఎడమ నుంచి కుడికి.

సమస్య: కాల్చగానే బ్లేడు ఊడిపోతోంది

టంకం పట్టలేదు. నూనె జిడ్డో, గాడిలో మిగిలిన నల్లపూతో అడ్డుపడి ఉంటుంది. తళతళలాడే లోహం కనిపించేదాకా గీకి, ఫ్లక్స్ (టంకం పట్టడానికి రాసే మందు) రాసి, టంకం మీద కాకుండా లోహం మీద వేడి పెట్టండి. 190 డిగ్రీల దగ్గర కరిగే టిన్-సీసం టంకం చాలు, 600 డిగ్రీలు దాటే వెండి బ్రేజింగ్ ఇక్కడ అక్కర్లేదు. అయ్యాక వేడి నీళ్లతో బాగా కడిగి నూనె పెట్టండి, ఫ్లక్స్ మిగిలితే చుట్టూ తుప్పు పడుతుంది.

సమస్య: ఎండలో బ్లేడు మెరిసి గురి మారిపోతోంది

కంటివైపు ముఖం గుండ్రంగా ఉంటే వెలుగు పడ్డ పక్కే పెద్దగా కనిపిస్తుంది. ఆ ముఖాన్ని చదునుగా, అంచులు పదునుగా తీసి కొవ్వొత్తి మసి పట్టించండి. మసి వేలికి అంటుకుని పోతుంది, కాల్చే ముందు ప్రతిసారీ మళ్లీ పట్టించుకోవాలి.