సముద్రం దగ్గర తోటలో తోడు మొక్కల్ని ఎలా ఎంచుకోవాలి?

తోడు మొక్కల (పక్కపక్కన వేస్తే ఒకదానికొకటి మేలు చేసేవి) చార్టు ఏది తీసినా అవే జోడీలు: మొక్కజొన్నకి బీన్స్, క్యారెట్‌కి ఉల్లి, టమాటాకి బంతి. లోపలి ప్రాంతాల్లో సరే, ఉప్పు గాలి కొట్టే చోట మాత్రం ముందు చూడాల్సింది రెండే: ఇద్దరూ అదే ఉప్పుని తట్టుకుంటారా, ఎవరు ఎవరికి గాలి అడ్డుకుంటారు.

1. ముందు ఆకులు చూడండి
సముద్రం వైపున్న ఆకుల కొసలు, అంచులు మాడి కరకరలాడుతూ, అదే చెట్టుకి వెనక వైపు ఆకులు పచ్చగా ఉంటే అది చాలావరకు గాలిలో వచ్చిన ఉప్పు పనే. దీన్ని తెగులు అనుకుని మందు కొట్టడం దండగ. మాడిన వైపు ఏదో తెలిస్తే అడ్డు ఎటు కట్టాలో కూడా తెలిసినట్టే.

2. మట్టికీ నీళ్లకీ ఈసీ టెస్ట్ చేయించండి
ఈసీ అంటే విద్యుత్ వాహకత, ఉప్పు ఎంతుందో చెప్పే అంకె ఇది. మట్టి ఈసీ (డెసీసీమెన్స్/మీటరు) 1 దాటితే బీన్స్, క్యారెట్ దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఉల్లికి ఆ హద్దు 1.2, మొక్కజొన్నకి 1.7, టమాటాకి 2.5, బీట్‌రూట్‌కి 4, అలసందకి 4.9, జొన్నకి 6.8. ఇవన్నీ మట్టిని ముద్దలా తడిపి, దాన్నుంచి తీసిన నీటిలో కొలిచే పద్ధతి లెక్కలు. మట్టిలో ఎక్కువ నీళ్లు కలిపి కొలిస్తే అంకె తక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఏ పద్ధతిలో కొలిచారో ల్యాబ్ వాళ్లని అడగండి.

ఇప్పుడు చార్టు మళ్లీ చూడండి. మొక్కజొన్న, బీన్స్ జోడీ ఉప్పు నేలలో రెండు వైపులా నష్టమే. దాని బదులు జొన్న, అలసంద వేయండి. జొన్న గాలికి కాస్త అడ్డం నిలబడుతుంది, అలసంద నేలని కప్పి, వేరు బుడిపెల్లో నత్రజని నిలబెడుతుంది. అలసందకి పేనుబంక పడుతుంది నిజమే కానీ దానికోసం అక్షింతల పురుగులు కూడా వస్తాయి, కాబట్టి చూసీ చూడగానే పిచికారీకి పరిగెత్తకండి.

3. గాలికి సందులున్న అడ్డు కట్టండి
గోడ కట్టేస్తే పని అయిపోతుందనుకుంటాం, కానీ గాలి గోడ మీదుగా దూకి అవతల సుడి తిరుగుతుంది. సగం గాలిని పోనిచ్చే మొక్కల వరసే నయం, దాని ఎత్తుకి సుమారు పదింతల దూరం వరకు గాలి జోరు తగ్గుతుంది. ముందు వరసకి గన్నేరు, కాగితం పూలు, చోటుంటే కానుగ బాగుంటాయి. గన్నేరు ప్రతి భాగమూ విషమే, పిల్లలూ పశువులూ తిరిగే చోట వద్దు. సరుగుడు గాలికి గట్టిదే, కానీ కింద దట్టంగా రాలే పుల్లల్లో చిన్న మొక్కలు ఎదగవు. కూరగాయల మడి దాని పక్కనే పెట్టొద్దు.

4. నేల కప్పండి
వట్టి ఇసుక కనిపించకూడదు. గాలికి లేచి లేత కాండాల్ని గీకేస్తుంది, నీళ్లూ నిలవవు. బిళ్ళగన్నేరు, గంగవాయిలి కూర ఇక్కడ సులువుగా బతుకుతాయి. నీళ్లు ఎక్కువ కావాల్సినవీ తక్కువ చాలేవీ ఒకే మడిలో కలపకండి, ఇసుకలో ఈ తేడా త్వరగా బయటపడుతుంది.

5. బంతిని ముందే వేయండి
ఇసుక నేలల్లో వేర్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగుల బెడద ఎక్కువ. వాటిని తగ్గించాలని టమాటా పక్కన రెండు బంతి మొక్కలు పెడితే పెద్దగా ఒరిగేదేం లేదు. టమాటా వేసే ముందు ఆ మడంతా రెండు నెలలు బంతి దట్టంగా పెంచి, పీకి మట్టిలో కలిపేస్తేనే ఫలితం.

ఒకేసారి తోటంతా నింపకుండా ప్రతి జోడీనీ ముందు ఒక మూల వేసి, గాలి బాగా కొట్టే కాలం దాటనివ్వండి. పెద్ద గాలి తర్వాత ఆకుల మీద మంచినీళ్లు చల్లి ఉప్పు కడిగేయండి, అది కూడా అదే రోజు.