తొట్టిలో అజొల్లా పెంచి, జీవుల పెరుగుదలకు హద్దు ఎక్కడ పడుతుందో కొలవడం ఎలా?

మొక్కైనా జంతువైనా, తిండీ చోటూ పుష్కలంగా దొరికినంత కాలం రెట్టింపు మీద రెట్టింపుగా పెరుగుతుంది. అవి తరుగుతున్న కొద్దీ వేగం మందగించి, ఆ చోటు భరించగల సంఖ్య దగ్గర నిలిచిపోతుంది. ఆ హద్దునే ధారణ సామర్థ్యం అంటారు. ఈ తీరుకు 1838లో బెల్జియం గణితవేత్త వెర్‌హుల్స్ట్ సమీకరణం రాశారు. పర్లాకిమిడిలోని మా పెరట్లో ఆవు మేతకు పెంచే అజొల్లాతోనే (నీటి మీద తేలుతూ పెరిగే చిన్న ఫెర్న్ మొక్క) దీన్ని నెలా నెలన్నరలో కళ్లారా చూశాను.

ఒకే కొలత గల మూడు ప్లాస్టిక్ తొట్లను చెట్టు నీడ సగం పడే చోట పెట్టి, ఒక్కోదానిలో రెండు గుప్పిళ్ల జల్లించిన పొలం మట్టి, కొద్దిగా పేడనీళ్లు వేసి, నాలుగు అంగుళాల ఎత్తున నీరు పోయండి. నీరు తేరాక ఒక్కో తొట్టిలో 20 గ్రాముల అజొల్లా వదలండి. మండు వేసవిలో మాత్రం మొదలుపెట్టవద్దు. వేడికే అజొల్లా క్షీణిస్తుంది కనుక, హద్దు ఎక్కడుందో తేలదు.

రెండు రోజులకొకసారి టీ వడకట్టే జల్లెడతో అజొల్లానంతా ఎత్తి, నూలుగుడ్డ మీద సరిగ్గా ఐదు నిమిషాలు నీరోడనిచ్చి, తూచి, తిరిగి నీటిలో వదలండి. దారాల్లాంటి ఆ వేళ్ల మధ్య నీరు చాలా నిలుస్తుంది. నేను మొదట తడి తడిగానే తూచి, వారం రోజుల లెక్కలు పారేయవలసి వచ్చింది.

ఇప్పుడు అసలైన లెక్క. పెరిగిన బరువును అంతకుముందున్న బరువుతో భాగించండి. ఉదాహరణకు 20 గ్రాములు 30 అయితే గ్రాముకు 0.5 పెరిగినట్టు, 200 గ్రాములు 240 అయితే గ్రాముకు 0.2 మాత్రమే. మొత్తం మీద చూస్తే 10కి బదులు 40 గ్రాములు పెరిగింది కనుక అంతా బాగున్నట్టే తోస్తుంది, కాని హద్దు దగ్గరపడుతున్న సంగతిని గ్రాముకు ఎంత పెరిగిందన్న లెక్క ముందే చెబుతుంది. అందుకే రెండింటినీ పుస్తకంలో రాసుకోవాలి. బరువులను గ్రాఫ్ కాగితం మీద గుర్తిస్తే ఎస్ ఆకారపు గీత వస్తుంది.

పెరుగుదల ఆగాక, ఏది అడ్డుపడిందో వెదకండి. మొదటి తొట్టిని అలాగే ఉంచి, రెండోదానిలో భాస్వరపు ఎరువైన సూపర్ ఫాస్ఫేట్ చిటికెడు కలిపి, మూడోదానిలో సగం అజొల్లా తీసేయండి. అజొల్లా ఆకుల్లో నివసించే అనబినా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని అందిస్తుంది కాబట్టి, సాధారణంగా కొరతపడేది భాస్వరమే. రెండో తొట్టి మళ్లీ పుంజుకుంటే భాస్వరం, మూడోది పుంజుకుంటే ఇరుకు కారణమని అర్థం.

జంతువుల్లో ఈ హద్దు ఇంత మెత్తగా రాకపోవచ్చు. అలాస్కాలోని సెయింట్ మాథ్యూ దీవిలో 1944లో వదిలిన 29 రెయిన్‌డీర్లు (మంచు ప్రాంతపు జింకలు) 1963 నాటికి సుమారు 6,000 అయ్యాయి. నిదానంగా పెరిగే, నాచులా కనిపించే లైకెన్ మేత తరిగిపోయి, దానికి తీవ్రమైన చలికాలం తోడవడంతో 1966 నాటికి 42 మిగిలాయి. మేత తిరిగి పెరిగే వేగం కన్నా తినే వేగం మించితే ఆ హద్దే కిందికి దిగుతుంది.

వెర్‌హుల్స్ట్ లెక్క ప్రకారం మొత్తం పెరుగుదల హద్దులో సగం దగ్గర అత్యధికం. కాబట్టి మేతకు తీసేవారు తొట్టి నిండేదాకా ఆగక, ఆ సగం బరువు దాటినప్పుడల్లా పైబడినంత తీస్తూ ఉండండి. మిగిలినదాన్ని మాత్రం చెరువులోగాని మహేంద్రతనయ నదిలోగాని వదలక, పెంటకుప్పలో వేయండి.