ఆగస్టులో తరగతులు మొదలయ్యేలోగా: అమెరికాకు చదువుకోవడానికి వెళ్లే తిరుపతి, చిత్తూరు విద్యార్థులకు సూచనలు

కంప్యూటర్ సైన్స్ చదవడానికి అమెరికాకు బయలుదేరే మన ప్రాంతపు విద్యార్థులకు, వీసా చేతికి వచ్చిన తరువాత ఆగస్టు చివరి వారాల్లో ఫాల్ సెమిస్టర్ మొదలయ్యేలోగా కొంత ఖాళీ సమయం దొరుకుతుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై మొదటిసారి వెళ్లేవారు, విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో ఉన్న ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు ఆ దేశంలో అడుగుపెట్టడానికి వీలులేదు కనుక, ఆ సమయంలో ఎక్కువ భాగం ఇంటి దగ్గరే గడుస్తుంది. పచ్చళ్లు, కుక్కర్ సర్దుకోవడం, కొండకు వెళ్లి దర్శనం చేసుకోవడం, బంధువుల ఇళ్లలో భోజనాలు అన్నీ ఉండవలసినవే. వాటి మధ్యనే రోజుకు రెండు మూడు గంటలు ప్రోగ్రామింగ్‌కు కేటాయించుకోమని నా మనవి.

ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మన కాలేజీల్లో చాలాచోట్ల ప్రోగ్రామును ల్యాబ్ రికార్డులో నీటుగా రాసి, వైవాలో రెండు ప్రశ్నలకు జవాబు చెబితే సరిపోతుంది. అక్కడ మొదటి ఒకటి రెండు వారాల్లోనే అసైన్‌మెంట్ ఇచ్చేస్తారు. ప్రొఫెసర్ విషయాన్ని బోధిస్తారే తప్ప, ఎడిటర్ ఎలా వాడాలో, లైబ్రరీ ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో, ఎర్రర్ సందేశాన్ని ఎలా చదవాలో సాధారణంగా చెప్పరు. అవన్నీ మీకు వచ్చుననే అనుకుంటారు.

ఏ భాష నేర్చుకోవాలని అడిగేవారికి, ఒక్కటే నేర్చుకోండి, గట్టిగా నేర్చుకోండి అని చెబుతాను. మీరు తీసుకోబోయే కోర్సుల పాత సిలబస్‌లు చాలా విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. అందులో జావా అని ఉంటే జావా, పైథాన్ అని ఉంటే పైథాన్ మొదలుపెట్టండి. వెబ్ డెవలప్‌మెంట్ వైపు వెళ్లదలచినవారు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ కుదురుగా వచ్చేదాకా, జావాస్క్రిప్ట్‌పై కట్టిన రియాక్ట్ అనే లైబ్రరీ జోలికి పోవద్దు. రియాక్ట్ 2013లో బయటికి వచ్చింది, జావాస్క్రిప్ట్ 1995 నాటిది. కింది భాష తెలియకుండా పైది నేర్చుకున్నవారు ఎర్రర్ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోలేక గంటలు పోగొట్టుకుంటారు.

ఒక ఉదాహరణ చూడండి. జావాస్క్రిప్ట్‌లో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న 5కు 3 కలిపితే 53 వస్తుంది. అదే 5 నుంచి 3 తీసివేస్తే 2 వస్తుంది. కూడిక గుర్తు అక్షరాలను పక్కపక్కన చేర్చడానికి కూడా పనికివస్తుంది, తీసివేత గుర్తుకు ఆ పని లేదు కనుక అది అక్షరాన్ని అంకెగా మార్చుకుంటుంది. పైథాన్ అయితే ఆ కూడిక దగ్గరే ఎర్రర్ చూపి ఆగిపోతుంది. వెబ్ ఫారంలో టైప్ చేసిన అంకె మామూలుగా అక్షరాల రూపంలోనే ప్రోగ్రాముకు అందుతుంది కాబట్టి, ఈ తేడా తెలియనివారి బిల్లు లెక్క మొత్తం తప్పుతుంది.

నేర్చుకున్నది నిలవాలంటే మీకు తెలిసిన విషయంతోనే ఒక చిన్న పేజీ తయారుచేయండి. తిరుపతి నుంచి చిత్తూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి వెళ్లే బస్సుల వేళలను తెలుగులో చూపి, ఊరి పేరు టైప్ చేస్తే వెతికిపెట్టే పేజీ చాలు. ఫైలును తెలుగు అక్షరాలను కూడా నిల్వ చేయగల యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, ఆ సంగతి పేజీలో కూడా తెలపాలి. అప్పుడు ఇంకో సంగతి ఎదురవుతుంది: ‘తిరుపతి’ పొడవు ఎంతని జావాస్క్రిప్ట్‌ను అడిగితే 4 కాదు, 7 అంటుంది, ఎందుకంటే అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో గుడులు, కొమ్ములు విడి సంకేతాలుగా లెక్కకు వస్తాయి. ఏ కోర్సులోనైనా అక్షరాల నిల్వ గురించి పాఠం వచ్చిన రోజున ఇది మీకు చాలా అక్కరకు వస్తుంది.

ఉచితంగా నేర్చుకోవడానికి ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్ అనే వెబ్‌సైట్లు, హార్వర్డ్ వారి సీఎస్50 కోర్సు ఉన్నాయి. ఒకటి ఎంచుకుని చివరిదాకా వెళ్లండి. విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవారు విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్ ద్వారా లినక్స్ పెట్టుకుని, ఫోల్డర్లు మారడం, ఫైళ్లు కదపడం మౌస్ లేకుండా ఆదేశాలు టైప్ చేసే కమాండ్ లైన్‌లోనే చేయడం అలవాటు చేసుకోవాలి. కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్‌ను కూడా ఇక్కడే నేర్చుకోండి. బస్సు వేళల పేజీలో చేసిన ప్రతి మార్పును కమిట్ చేస్తూ (అంటే గిట్‌లో నమోదు చేస్తూ) పోతే చేయి దానికదే తిరుగుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన మాట ఇది. అక్కడ ఒకే గదిలో మన ఊరివాళ్లు నలుగురు ఉంటారు, అసైన్‌మెంట్ గడువు అర్ధరాత్రికి ఉంటుంది, స్నేహితుడు తన కోడ్ పంపమంటాడు. పంపవద్దు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో పుట్టిన మాస్ వంటి, కోడ్‌లను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్లు వేరియబుల్ పేర్లు మార్చినా, వరుసలు అటూ ఇటూ చేసినా పోలికను పట్టేస్తాయి. చాలాచోట్ల ఇచ్చినవారిదీ తీసుకున్నవారిదీ ఒకే తప్పుగా చూస్తారు. సున్నా మార్కులతో సరిపోవచ్చు, విశ్వవిద్యాలయం నుంచి పంపివేయడం దాకానూ పోవచ్చు; అలా పంపివేస్తే వీసా హోదా కూడా నిలవదు. అమ్మానాన్నలు బ్యాంకు రుణం తీసుకుని పంపుతున్న చదువును ఒక రాత్రి మొహమాటానికి వదులుకోకండి. ఏఐ సాధనాల విషయంలో నియమం కోర్సు కోర్సుకూ మారుతుంది కనుక, సిలబస్‌లో ఆ భాగాన్ని మొదటి రోజే చదవండి.

చిక్కుపడినప్పుడు ప్రొఫెసర్ గారి, టీచింగ్ అసిస్టెంట్ల ఆఫీస్ అవర్స్‌కు వెళ్లండి. ఆ సమయం మీకోసమే కేటాయించినది. ఏం చేయాలనుకున్నారు, ఏం రాశారు, ఎర్రర్ ఏమని వచ్చింది, అప్పటికే ఏమేం ప్రయత్నించారు అనే నాలుగు సంగతులు కాగితంపై రాసుకుని వెళితే పది నిమిషాల్లో పని అవుతుంది.