సైకిల్ ఎక్కే ముందు బట్టల సంగతి

హనుమకొండ నుంచి కాజీపేట వైపో, భద్రకాళి చెరువు వైపో తెల్లవారుజామున సైకిల్ మీద వెళ్లేవారు చూసుకోవలసినవి:

• చలికాలం, 15 డిగ్రీల లోపు: గుమ్మం బయట నిలబడితే కాస్త చలి వేయాలి, అప్పుడే బట్టలు సరిపోయినట్టు. అక్కడే వెచ్చగా ఉంటే కాసేపటికే చెమటతో తడుస్తారు, ఆ తడికి గాలి తగిలితే ఇక వణుకే. మందపాటి స్వెటర్ ఒక్కటి కాకుండా పలుచని బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకోండి. లోపలి పొర త్వరగా ఆరే పాలిస్టర్ అయితే మేలు. నూలు బనియను చెమట పీల్చుకుని ఒక పట్టాన ఆరదు. వేళ్లు మొద్దుబారితే బ్రేకు సరిగా పట్టలేరు కాబట్టి గ్లౌజులు తప్పనిసరి. చెవులకు మఫ్లర్ చుడితే కొసలు లోపలికి దోపాలి. చొక్కా కింద రొమ్ముకు అడ్డంగా పాత దినపత్రిక పెట్టుకుంటే గాలి ఆగుతుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నేను మాత్రం మానలేదు. ఆదిలాబాద్ వైపు వెళ్తే మరో పొర.

• 20 నుంచి 30: మామూలు చొక్కా చాలు.

• మే నెల, 40 దాటే రోజులు: లేత రంగు, వదులైన పూర్తి చేతుల చొక్కా. ఇప్పుడు నూలే మంచిది, తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మెడకు తడి తువ్వాలు. ఎనిమిదిలోపు ఇంటికి చేరండి.

• వాన: రెయిన్‌కోటు ముదురు రంగుది వద్దు, లారీవాళ్లకు కనబడదు.

• ఏ కాలమైనా: కుడికాలి ప్యాంటు అంచు గొలుసులో పడకుండా రబ్బరు బ్యాండు వేయాలి. చున్నీ, కొంగు నడుముకు బిగించాలి.