లైవ్ బులెటిన్ ప్రాక్టికల్స్‌కు మార్కులు ఎలా వేయాలి?

జర్నలిజం విభాగాల్లో టీవీ ప్రాక్టికల్స్ అంటే పదిమంది కలిసి ఒక బులెటిన్ చేయడం, అది బాగుందనిపిస్తే పదిమందికీ ఒకే మార్కు వేసేయడం అన్న అలవాటు పాతుకుపోయింది. ఫోకస్ సరిచేయడం కూడా రాని విద్యార్థికీ, బులెటిన్‌ను మొత్తంగా నెత్తిన మోసిన విద్యార్థికీ తేడా తెలియనప్పుడు దాన్ని పరీక్ష అనలేము.

మూడు కెమెరాలు, ఏ కెమెరా దృశ్యం తెరమీదికి వెళ్లాలో మార్చే స్విచ్చర్, ఆడియో మిక్సర్, దర్శకుడూ సిబ్బందీ తమలో తాము మాట్లాడుకోవడానికి అందరికీ టాక్‌బ్యాక్ హెడ్‌సెట్లు ఉంటే చాలు. కెమెరా ముందు వార్త పాఠం చూపే ప్రాంప్టర్ అక్కర్లేదు, కాగితం చూసి వార్త చదవలేనివారు యాంకర్ స్థానానికి తగరు. రన్‌డౌన్, అంటే ఏ వార్త తర్వాత ఏది ఎంతసేపు అన్న పట్టిక, విద్యార్థులే రాసుకోవాలి, బులెటిన్ నిడివి 15 నిమిషాలు మించకూడదు. ఎవరు ఏ స్థానంలో కూర్చోవాలో పరీక్షకు గంట ముందు చీటీలు తీసి తేల్చాలి. పక్క హాల్లో జూనియర్లను కూర్చోబెట్టి ప్రసారం చూపించాలి. ఆపి మళ్లీ తీసుకునే వీలుంటే అది లైవ్ కాదు.

అసలు చిక్కంతా రికార్డింగులో ఉంది. తెరమీదికి వెళ్లిన ప్రోగ్రామ్‌ను మాత్రమే రికార్డు చేసి మార్కులు వేస్తే అన్యాయం జరిగి తీరుతుంది. మూడు కెమెరాల దృశ్యాలనూ, ప్రోగ్రామ్‌నూ నాలుగు గడులుగా ఒకే తెరపై రికార్డు చేస్తూ, టాక్‌బ్యాక్ మాటలు విడిగా ఒక ఆడియో ట్రాక్‌లో పడేలా చూడాలి. శబ్దస్థాయి చూపే మీటరు కదులుతోంది కదా అని ఊరుకోకుండా, అర నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినాలి. దర్శకుడి గొంతు ఒక్కటే పడి, కెమెరాల నుంచి, ముందే తీసిన వీడియోలు వేసే ప్లేబ్యాక్ వైపు నుంచి వచ్చే జవాబులు పడకపోతే సగం సాక్ష్యం పోయినట్టే.

ఒకసారి ప్యాకేజీ (ముందే ఎడిట్ చేసిన వార్తా కథనం) రావలసిన చోట మూడు సెకన్లు తెర నల్లబడితే, స్విచ్చర్ దగ్గర కూర్చున్న అమ్మాయికి నేనే మార్కులు తగ్గించాను. ఆ సాయంత్రం టాక్‌బ్యాక్ విన్నాను. ప్లేబ్యాక్ కుర్రాడు ‘ఇంకా లోడ్ కాలేదు సార్’ అంటుండగానే దర్శకుడు ‘టేక్’ (తెరమీదికి తీసుకో) అన్నాడు, ఆ అమ్మాయి అతను చెప్పినట్టే చేసింది. అదే క్షణంలో స్టూడియోలో యాంకర్‌కు సూచనలందించే ఫ్లోర్ మేనేజర్, మాట్లాడుతూనే ఉండమని ఆ యాంకర్‌కు సైగ చేయడం ఒకటో కెమెరా గడి అంచున కనిపించింది. మర్నాడు మార్కులన్నీ తిరగరాయవలసి వచ్చింది.

కాబట్టి ప్రతి తప్పు దగ్గరా రికార్డింగు ఆపి, ఆదేశం వచ్చిందా, సమయానికి వచ్చిందా, వచ్చినది అమలైందా అని వరుసగా చూడాలి. సెకనుకు 25 ఫ్రేములతో నడిచే మన వీడియోలో అర సెకను ఆలస్యమంటే దాదాపు 12 ఫ్రేములు. ఆ ఆలస్యం స్విచ్చర్ మీది వేలిదా, ‘టేక్’ అనడానికి తటపటాయించిన దర్శకుడిదా అన్నది తెర చెప్పదు.

50 మార్కుల్లో 30 ఆ స్థానపు పనికి, 15 తప్పు జరిగాక సర్దుకున్న తీరుకు, 5 మాత్రమే మొత్తం బులెటిన్‌కు ఇవ్వాలి. విద్యార్థులతోనే ఒకరికొకరు మార్కులు వేయించే పద్ధతిని కొందరు మెచ్చుకుంటారు గానీ, అందులో తేలేవి హాస్టల్ స్నేహాలే. మార్కులు ఖరారు చేసే ముందు ఆ రికార్డింగును బ్యాచ్ మొత్తానికి చూపించి, అభ్యంతరాలుంటే అక్కడే చెప్పమనాలి.